గోడ మీద ఎడమచేయి

ఆ ఫొటోలో మార్కర్ ఆవిడ కుడిచేతిలో ఉంది. అది జరిగే పని కాదు.

శనివారం ఉదయం మా పాత ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో ఆవిడ మరణవార్త వచ్చింది. వార్త కింద ఫొటో, ఫొటో కింద వరసగా జోడించిన చేతులు. నేనూ ఒక జత చేతులు పెట్టాను. పెట్టిన తరువాత ఫొటో మళ్లీ చూశాను. ఆవిడ పదవీ విరమణ నాడు ఎవరో ఫోన్ సెల్ఫీ కెమెరాతో తీసుకున్న గుంపు ఫొటోలోంచి ఆవిడను మాత్రం కత్తిరించి పెట్టారు. అలా తీసినప్పుడు కొన్ని ఫోన్లు బొమ్మను అద్దంలో లాగా తిప్పి దాచుకుంటాయి. పైట కుడి భుజం మీద ఉండటం చూసి అనుమానం నివృత్తి చేసుకున్నాను.

పెద్దకర్మనాడు అదే ఫొటోను పెద్దది చేయించి పెడతారని తెలిసి, కూకట్‌పల్లిలో ఉండే ఆవిడ తమ్ముడికి ఫోన్ చేశాను. పరామర్శ మాటలు అయ్యాక సంగతి చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు.

"నిజమేనండీ, మీరు చెబితే తెలుస్తోంది. కానీ పోయిన మనిషికి ఏ చెయ్యయితే ఏముందండీ ఇప్పుడు?"

తిప్పించమని మాత్రం అడిగాను, తిప్పిస్తానన్నాడు. ఆయన అడిగిన దానికి జవాబు ఫోనులో చెప్పగలిగేది కాదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మాదాపూర్‌లోని మా కార్యాలయంలో నేను అంతర్గత తనిఖీ విభాగంలో పని చేసేవాణ్ణి. ఆవిడ కొత్తగా చేరినవాళ్లకు శిక్షణ ఇచ్చేవారు. ఆవిడ పాఠం అయిన వెంటనే, ఖర్చుల బిల్లులు ఎలా పెట్టాలో, ఎలా పెట్టకూడదో అదే పిల్లలకు నేను చెప్పాలి. నాకు ముందుగా చేరుకోవడం అలవాటు. కాబట్టి ప్రతి బృందానికీ ఆవిడ చెప్పే పాఠం, కింది హాల్లో సోఫాలో కూర్చుని నేనూ వినేవాణ్ణి. పైగా మేమిద్దరం ఒకే ఆఫీసు బస్సులో వచ్చేవాళ్లం. నేను బాచుపల్లిలో ఎక్కితే ఆవిడ కె.పి.హెచ్.బి.లో ఎక్కేవారు. తెనాలి వైపు మనిషి. నన్ను లెక్కల మాస్టారూ అని పిలిచేవారు. నేను ఎన్నడూ మాస్టారుని కాను, ఆ మాట చెప్పాను కూడా. "తప్పు దిద్దకపోతే మీకు ఆ పూట అన్నం సహించదు కదండీ, అదే మాస్టారితనం," అన్నారు.

ఆవిడను తలచుకుంటే మొదట నాకు చేతులే గుర్తొస్తాయి. ఏ వస్తువునైనా ఎడమచేత్తో అందుకునేవారు, కుడిచేతిలోకి మార్చుకుని ఎదుటివారికి ఇచ్చేవారు. గుర్తింపు కార్డయినా, టీ కప్పయినా, పేపరు నాప్కినయినా అంతే. ఆ మార్పిడి ఎంత వేగంగా, ఎంత సహజంగా జరిగేదంటే, చాలామందికి అది కంటికి ఆనేది కాదు. కాగితం మీద కుడిచేత్తో రాసేవారు; చిన్న అక్షరాలు, ఒద్దికగా, కాపీ పుస్తకం నింపుతున్న పిల్లవాడి రాతలా ఉండేవి. బోర్డు మీద మాత్రం ఎడమచేత్తో. ఆ అక్షరాలు పెద్దవి, వాలుగా, గాలికి ఎదురు నడుస్తున్నట్టు ఉండేవి. రెండూ ఒకే మనిషి రాతలంటే మా విభాగంలో ఎవరూ ఒప్పుకోరు. సంతకాల తేడా కింద వెనక్కి పంపుతారు.

ఒకసారి బస్సులో అడిగాను, ఈ రెండు రాతలేమిటని.

"చిన్నప్పుడు మా నాయనమ్మ అన్నం తినేటప్పుడూ, రాసుకునేటప్పుడూ ఎడమచెయ్యి వెనక్కి పెట్టి జడ రిబ్బనుతో కట్టేదండీ. ఎడమచేత్తో వడ్డించే ఆడపిల్ల ఇంట్లో లక్ష్మి నిలవదని. పాపం, రోజూ గౌను రంగుకి సరిపోయే రిబ్బనే కట్టేది, నేను చిన్నబుచ్చుకోకుండా."

"మరి బోర్డు మీద?"

"మా ఇంట్లో బోర్డు లేదు కదండీ. దాని మీద రాయకూడదని ఎవరూ చెప్పలేదు."

ఈ మాటలు ఆవిడ నవ్వుతూనే చెప్పారు. నేను నవ్వలేదు. నవ్వాలో లేదో తేల్చుకునేలోపు బస్సు సైబర్ టవర్స్ దాటింది.

ఇక ఆ చిత్రం. మా కింది హాలు పొడుగాటిది. ఒక కొసన వీధి తలుపు, రెండో కొసన లిఫ్టులు. పొడుగునా ఎదురెదురుగా రెండు గోడలు. వాటిలో ఒక గోడకు, దాదాపు నాలుగు వందల ఏళ్ల కిందటి, యూరప్‌లో బరోక్ అని పిలిచే కాలపు చిత్రకారిణి ఒకామె తనను తాను గీసుకున్న చిత్రానికి మనిషెత్తు ముద్రిత ప్రతి ఉండేది. భవనం కొత్తలో అలంకరణ చేసినవాళ్లు పెట్టింది. దాని పక్కనుంచి రోజూ కొన్ని వందలమంది నడిచిపోయేవారు. దాన్ని చూసింది ఆవిడ ఒక్కరే అని రాస్తే అతిశయోక్తి అవుతుంది. ఆగి చూసింది ఆవిడ ఒక్కరే అని రాయవచ్చు.

చిత్రంలో ఆమె, బొమ్మ గీసే గుడ్డను నిలబెట్టిన ఈజిల్ ముందు కూర్చుని ఉంటుంది. ఒళ్లు ఈజిల్ వైపు, ముఖం మన వైపు. మెడ చుట్టూ పళ్లెమంత తెల్లటి లేసు కాలరు. కుంచె గాలిలో ఆగింది. పెదవులు కాస్త విడివడ్డాయి.

ఆవిడ కొత్తవాళ్లను ముందు దాని ఎదుట నిలబెట్టేవారు. కంపెనీ చరిత్ర, విలువలు వగైరా తరువాత. నియమం ఒకటే: చూసింది చెప్పండి, తెలిసింది తరువాత. ఎవరైనా గూగుల్ చేయబోతే ఫోను లోపల పెట్టించేవారు.

ఒక కుర్రాడు, చిత్రంలో ఆమె చాలా హ్యాపీగా ఉంది మేడం అన్నాడు ఒకసారి.

"హ్యాపీ ఎక్కడ కనిపించింది నాన్నా?"

"నవ్వుతుంది కద మేడం."

"నోరు తెరిచి ఉంది. అది నవ్వో మాటో నీకెలా తెలుసు?"

కుర్రాడు తల గోక్కున్నాడు. మా విభాగంలో చేరేవాళ్లకు నేను ఏళ్ల తరబడి చెప్పడానికి ప్రయత్నించి విఫలమైన సంగతి అది.

తరువాత కాలరు దగ్గరికి వచ్చేవారు. పట్టుచీర కట్టుకుని గోడకు సున్నం వేసేవాళ్లను చూశారా అని అడిగేవారు. లేదనేవారు పిల్లలు. మరి ఈవిడ రంగుల పనిలో ఈ లేసు ఎందుకు వేసుకుంది? ఎవరూ చెప్పకపోతే తనే చెప్పేవారు: ఇది ఈవిడ బయోడేటా. నాకు పని వచ్చు, ఆ పనితోనే బతుకుతున్నాను, మంచి బట్ట కొనుక్కోగలను. మూడూ ఒక్క బొమ్మలో చెప్పింది, అప్పట్లో ఆడవాళ్లకు పని ఇచ్చేవాళ్లు తక్కువ కాబట్టి చెప్పాల్సి వచ్చింది. ఆ తరువాత ముఖం. పని మధ్యలో ఎవరో పిలిచారు. లేచిందా? లేవలేదు. కుంచె దించిందా? దించలేదు. తల తిప్పింది, అంతే. చెప్పండి, వింటున్నాను అన్నట్టు చూస్తోంది.

ఆవిడ కూడా అచ్చం అలాగే తిరిగేవారని నాకు చాలాకాలానికి స్ఫురించింది. బోర్డు మీద రాస్తుండగా ఎవరైనా తలుపు తోస్తే, మార్కర్ ఎత్తింది ఎత్తినట్టే ఉండేది, మెడ మాత్రం తిరిగేది. చిత్రాన్ని చూసి నేర్చుకున్నారో, తనలా ఉంది కాబట్టి చిత్రం నచ్చిందో నేను తేల్చుకోలేకపోయాను.

చివరి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"ఏ చేత్తో గీస్తోంది?"

"ఎడమచేత్తో మేడం."

"దాచుకుందా?"

"లేదు మేడం."

అక్కడితో పాఠం అయిపోయేది. దాని మీద వ్యాఖ్యానం ఉండేది కాదు. కానీ ఆ ‘లేదు మేడం’ కోసమే మిగతా పాఠమంతా నడిపిస్తున్నారని, ఆ మాట వినగానే ఆవిడ భుజాలు కిందికి దిగే తీరును బట్టి నాకు అర్థమైంది. యాభై ఏళ్లు దాటాక గాని ఆవిడకు అలాంటి బొమ్మ కనబడలేదు: మంచి బట్టలు కట్టుకుని, నలుగురి ముందూ, ఎడమచేత్తో పని చేసుకుంటూ, ఎవరికీ సంజాయిషీ చెప్పని ఆడమనిషి.

ఒక వర్షాకాలపు సోమవారం ఒక బృందంలో హన్మకొండ పిల్ల ఒకతి ఉంది. చివరి ప్రశ్నకు అందరూ ఎడమ అన్నారు. ఆ పిల్ల అనలేదు. ఆవిడ గమనించి, ఏమ్మా, నీకేం కనిపించింది అని అడిగారు.

"మేడం, ఏమనుకోకండి. ఆమె గౌనుకు ముంగట గుండీలు చూడుండ్రి. మా అమ్మ టైలర్. గుండీలు, కాజాలు ఉల్టా ఉన్నయి. కాలరు ముడి గూడ ఉల్టానే ఉంది. నాకెందుకో బొమ్మనే ఉల్టా ఉన్నదేమో అనిపిస్తుంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఫోను తీసి చూడమన్నారు. ఆ పాఠంలో ఫోను బయటికి రానివ్వడం నేను చూసింది అదొక్కసారే. పిల్ల వెతికి, మొహమాటపడుతూ అందించింది. ఫోనులోని చిత్రంలో ఈజిల్ రెండోవైపున ఉంది. కుంచె కుడిచేతిలో ఉంది.

ఆవిడ ఫోను వైపు చూశారు, గోడ వైపు చూశారు, మళ్లీ ఫోను వైపు చూశారు. ఫోనును కుడిచేతిలోకి మార్చి పిల్లకు తిరిగి ఇచ్చారు. "చూసింది చెప్పావు. మంచిది," అన్నారు. తరువాత నా వైపు తిరిగి, పిల్లలను మీరు తీసుకోండి మాస్టారూ అని, మెట్ల మీదుగా పైకి వెళ్లిపోయారు. లిఫ్టు ఖాళీగానే ఉంది.

తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోకుండా ఉండటం నా వల్ల కాదు. ఆ మధ్యాహ్నం భవన నిర్వహణ చూసే సూపర్‌వైజరును పట్టుకున్నాను. భవనం కట్టినప్పటినుంచీ ఉన్న మనిషి. అతను ఏమీ దాచలేదు.

"ఔ సార్, మేమే ఉల్టా కొట్టిచ్చినం. గప్పుడు పెద్దసారు వాస్తు ఆయనను పిలిపిచ్చిండు. ఆడమనిషి తలుపు దిక్కు తిరిగి కూసుంటే లక్ష్మి బయటికి పోతదన్నడు. లోపటి దిక్కు తిరిగినట్టు చెయ్యున్రి అన్నరు. ప్రింటాయన కంప్యూటర్ల ఒక్క బటన్ కొట్టిండు, అయిపోయింది. గింత పరేషాన్ అయితదని ఎవరికెరుక సార్?"

మర్నాడు బస్సులో ఆవిడకు ఆ సంగతి చెప్పాను. లక్ష్మి మాట వచ్చేసరికి ఆవిడ తల తిప్పి కిటికీలోంచి చూశారు. తిరుగు ప్రయాణంలోనూ ఆ ఊసెత్తలేదు. ఆ వారం రావలసిన మరో బృందానికి చిత్రం పాఠం చెప్పలేదు. కంపెనీ విలువలతో మొదలుపెట్టి, వాటితోనే ముగించారు. విన్నవాళ్లకు లోటేమీ తెలియలేదు. శిక్షణ గది వెనక వరసలో నా వంతు కోసం కూర్చున్న నాకు తెలిసింది. ఆవిడ ఆ గంటంతా బోర్డు మీద కూడా కుడిచేత్తోనే రాశారు; అంతకుముందుగాని, ఆ తరువాతగాని అలా రాయలేదు. అక్షరాలు వంకరగా, చిన్నగా వచ్చాయి.

ఆ రాత నన్ను కలవరపెట్టింది. ఇంటికి వెళ్లి, బీరువా అద్దం ముందు కుర్చీ వేసుకుని, కుడిచేత్తో పెన్సిలు ఎత్తి కూర్చున్నాను. అద్దంలో మనిషి ఎడమచేత్తో ఎత్తాడు. ఈ వయసులో నాటకాల్లో చేరుతున్నారా అంది నా భార్య. నేను మాత్రం ఒక వాదం దొరికిందన్న సంతోషంలో ఉన్నాను.

ఆ వాదాన్ని మర్నాడు ఆవిడ ముందు పెట్టాను. చిత్రకారిణి తనను తాను చూసుకోవాలంటే అద్దం ఉండాలి. ఆమె కళ్లు నేరుగా మనల్ని చూస్తున్నాయంటే, గీసేటప్పుడు అద్దాన్ని చూస్తున్నాయి. కుడిచేత్తో గీసే మనిషికి అద్దంలో కనిపించేది ఎడమచేయి. దాన్ని ఆమె గుడ్డ మీద కుడిచేయిగా మార్చి గీసి ఉండాలి. అంటే మన గోడ మీద ఉన్నది చిత్రకారిణి కళ్లారా చూసుకున్న రూపమే. కాబట్టి ఆ పాఠం తప్పు కాదు. ఆపవలసిన అవసరం లేదు.

బస్సు ఫ్లైఓవరు ఎక్కి దిగింది. మెట్రో పట్టాల కింద నిలిచిపోయింది.

"నాకోసం ఇంత ఆలోచించారు, సంతోషమండీ," అన్నారు. "కానీ అద్దంలో చూసుకున్నది ఈవిడ సొంతం. మనకు చూపించాలనుకున్నది వేరే. మీరన్నట్టే అయితే, ఒక్కో గీతా తిప్పుకుని కష్టపడి కుడిచేయి చేసుకుంది. మనం బటన్ నొక్కి, కాదమ్మా, నీది ఎడమచెయ్యి అన్నాం. ఎందుకూ? లక్ష్మి నిలవడానికి."

బస్సు కదిలాక మళ్లీ అన్నారు: "మా నాయనమ్మా అంతే కదండీ. ఆవిడకీ నా మీద ద్వేషమేం లేదు."

నా వాదంలో తర్కదోషం లేదు. ఆవిడ దాన్ని ఖండించనూ లేదు. అది తనకు పనికి రాదని పక్కన పెట్టారు, అంతే.

విషయం అప్పటికే మానవ వనరుల అధికారి దాకా వెళ్లింది. చిత్తూరు వైపు మనిషి, తగువులంటే గిట్టదు. ఆవిడను పిలిపించారు, ఖర్చు విషయం కాబట్టి నన్నూ రమ్మన్నారు. ఆయన చెప్పిన సారాంశం ఇది: అసలు చిత్రం పెడితే ఆమె తలుపు వైపు తిరుగుతుంది, దానికి పెద్దసారు ఈ జన్మలో ఒప్పుకోరు. తీసేసి కంపెనీ నినాదం పెట్టవచ్చు. లేదా ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచవచ్చు.

"ఉండనీండి మేడం. ఇన్నేండ్లూ ఎవురికీ తెలీలేదు, ఇప్పుడెవురు చూడొచ్చినారు? ఆ బొమ్మంటే మీకెంత ఇష్టమో అందరికీ తెలుసు. మీకోసరమైనా ఉంచేద్దాం."

ఆవిడ అడిగితే చాలు, ఆ ఎడమచేయి తన ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆ గోడ మీదే ఉండేది. ఒక తలూపు చాలు. ఆవిడ ఊపుతారనే నేను అనుకున్నాను. న్యాయమేనని కూడా అనుకున్నాను.

"నాకోసమైతే వద్దండీ," అన్నారు ఆవిడ. "అవతలి గోడకి అసలు బొమ్మ పెట్టండి. అక్కడ పెడితే ఈవిడ తనంతట తనే లోపలి వైపు తిరిగి ఉంటుంది. మీ వాస్తుకీ అడ్డం లేదు."

అధికారి నా ముఖం చూశారు. నేను మనసులో హాలును గీసుకుని చూశాను. నిజమే. ఎదురు గోడ వైపు తిరిగి చూస్తే తలుపు రెండో చేతివైపుకు వస్తుంది; కుడిఎడమలు వాటంతటవే మారతాయి. ఇన్నేళ్లలో వాస్తు పండితుడికిగాని, అలంకరణ చేసినవాళ్లకుగాని, లెక్కలతో పని చేసే నాకుగాని తట్టని సంగతి.

"అక్కడ మన అవార్డుల అల్మారా ఉంది కదా మేడం," అన్నారు ఆయన నీరసంగా.

"గోడ మార్చండి. చెయ్యి మార్చకండి," అన్నారు ఆవిడ.

అల్మారా మెట్ల కిందికి వెళ్లింది. కొత్త ప్రతి వచ్చి ఎదురు గోడ ఎక్కింది. అదే కాలరు, అవే పెదవులు, కుంచె కుడిచేతిలో. ఆ ఉదయం కొత్త బృందం రావలసి ఉంది. ఆవిడ ముందే వచ్చి, హాలు మధ్యలో, రెండు చిత్రాల నడుమ నిలబడి ఉన్నారు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. అడగకూడదనుకుంటూనే అడిగాను, బాధగా లేదా అని.

"ఎందుకు లేదండీ. ఇన్నాళ్లూ మా మనిషే అనుకున్నాను." కొత్త చిత్రం వైపు చూశారు. "కాదు. అయినా పని మానకుండా తల తిప్పింది, అది నిజమే కదా. పిల్లలకు అక్కడిదాకా చెబుతాను. చెయ్యి సంగతి వాళ్లే చూసుకుంటారు."

సూపర్‌వైజరు పాత ప్రతిని దింపడానికి వచ్చాడు. సాయానికి రావలసిన మనిషి రాలేదు. అతను దాన్ని గోడ మీంచి ఎలాగో జార్చి నేలకు ఆనించి, కాస్త సంకోచిస్తూ అడిగాడు: "మేడం, గోదాంల పడేస్తే ఖరాబైతది. మీకు కావాల్నంటే ఇంటికి పంపిస్త. ఎవరేమంటరు?"

ఆవిడ వంగి దాన్ని దగ్గరగా చూశారు. అంత దగ్గరగా అంతకుముందు ఎన్నడూ చూసినట్టు లేరు. ముద్రణలో రంగులు చుక్కలుగా విడిపోయి కనిపిస్తున్నాయి. వేలితో ఆ కుంచె పట్టిన చేతిని ఒకసారి తాకారు.

"వద్దు నాయనా. ఇది ఆవిడ కాదు, నేనూ కాదు," అన్నారు.

అతనొక్కడే దాన్ని మోసుకుపోలేకపోతున్నాడు. నేను ముందుకు వచ్చేలోపే ఆవిడ చీర కుచ్చిళ్లు కాస్త ఎగదోపుకుని, రెండో అంచు పట్టుకున్నారు. ఇద్దరూ దాన్ని అడ్డంగా మోసుకుంటూ, జర పైకి మేడం, జర పైకి అని అతను అంటూండగా, సామాన్ల లిఫ్టు దాకా నడిచారు. లోపల ఏటవాలుగా నిలబెట్టారు. తలుపు మూసుకుంది. ఆవిడ అరచేతులకంటిన దుమ్ము దులుపుకుని, వీధి తలుపు దగ్గర గుంపుగా నిలబడి ఎటు వెళ్లాలో తెలియక చూస్తున్న కొత్త పిల్లలను లోపలికి రమ్మని పిలిచారు.